మ్యాన్‌హోల్ మీటరు, కుందేలు ఊపిరితిత్తి

టీబీ ఎపిసోడ్‌లో నేను చెప్పింది ఇక్కడ రాసి పెడుతున్నా. నేను చదివింది ఐటీఐ, డాక్టర్‌ను కాదు. కానీ ఈ సంగతిలో నాకో పాత బాకీ ఉంది.

మా రూమ్మేట్ ఒకడు, కోరుట్ల దిక్కు మనిషి, సెలవుకు పోయినప్పుడు టీబీ అని తేలింది. ఆరు నెలల మందులన్నారు. రెండు నెలలకే దగ్గు పోయింది, ఒళ్లు వచ్చింది. టికెట్ డేట్ దగ్గర పడ్డది. "గోలీలు తెచ్చుకోవాల్నా అన్నా?" అని ఫోన్ చేసిండు. "తగ్గింది కదా, ఎందుకు మోసుడు" అన్నా నేనే. ఏడాది తిరగకముందే మళ్లీ దగ్గు. వీసా రెన్యువల్ మెడికల్‌లో ఎక్స్‌రే చూసి అన్‌ఫిట్ కొట్టారు. ఇంటికి పంపేశారు.

దగ్గు తగ్గినాక కూడా లోపల ఏం మిగులుతది? ఇది తేల్చడానికి చాలా ఏండ్లు పట్టింది.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని చూపించిండు. గినీ పందులకు ఎక్కించి, దాంతోనే జబ్బు వస్తదని రుజువు చేసిండు. ఆ క్రిమికి గాలి కావాలి. మరి గాలి ఆడని గడ్డల్లో ఏండ్లకేండ్లు ఎట్ల బతుకుతది? అమెరికాలో లారెన్స్ వేన్ అనే ఆయన క్రిములను మూత బిగించిన గాజు గొట్టాల్లో పెట్టి మెల్లగా కలుపుతూ ఉంచిండు. ఆక్సిజన్ అయిపోయిందా లేదా అని రంగు మందు పోసి చూసేవాడు, అది వెలిసిపోతే అయిపోయినట్టు. గాలి ఒక్కసారిగా తీసేస్తే క్రిములు చచ్చేవి. మెల్లమెల్లగా తగ్గిస్తే పెరుగుడు ఆపి, పడుకుని, బతికే ఉండేవి. మామూలు టీబీ మందులు పెరిగే క్రిమినే బాగా చంపుతయి, పడుకున్నదాన్ని అంత సులువుగా కాదు.

అది గాజు గొట్టం. ఊపిరితిత్తిలో కూడా అట్లనే ఉందా అంటే కొలవాలి. సైట్‌లో మనం మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపే ముందు మీటర్ వేలాడదీస్తం కదా. 20.9 చూపిస్తే సరే, 19.5 కంటే తగ్గితే అలారం. ఆ మీటర్‌లోని సెన్సర్‌కు చుట్టమే 1954లో లీలాండ్ క్లార్క్ చేసిన ఎలక్ట్రోడ్. ప్లాటినం తీగను రక్తంలో పెడితే ప్రొటీన్లు అంటుకుని పాడయ్యేది. ఆయన దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర కప్పిండు. ఆక్సిజన్ లోపలికి పోతది, చెత్త పోదు. మేస్త్రీ బుర్ర అంటే ఇదీ!

ఇక 2008లో వచ్చిన పేపర్. అమెరికా ప్రభుత్వ పరిశోధకులు గినీ పందులు, కుందేళ్లు, కోతులకు పిమోనిడజోల్ అనే మందు ఎక్కించారు. ఆక్సిజన్ లేనిచోటే అది కణాలకు అంటుకుంటది. గడ్డల నడుమ జున్నులాంటి ముద్ద ఉంటది కదా, సరిగ్గా దాని చుట్టూ అంటుకుంది. అంతటితో ఆగలేదు. బతికున్న కుందేలుకు ఆపరేషన్ చేసి, సన్నటి ఫైబర్ తీగను గడ్డలోకి గుచ్చి కొలిచారు. మూడు మిల్లీమీటర్ల చిన్న గడ్డలో కూడా ఆక్సిజన్ ఒత్తిడి 1.6 మిల్లీమీటర్లు మాత్రమే. మనం పీల్చే గాలిలో అది దాదాపు 160. మ్యాన్‌హోల్‌లో ఆ రీడింగ్ వస్తే మనిషిని కాదు, బొద్దింకను కూడా దింపను.

మామూలు ల్యాబ్ ఎలుకల్లో మాత్రం ఇట్లాంటి జాగాలు దొరకలేదు. అంటే ఎలుకలో పనిచేసిన మందు మనిషి గడ్డలో కూడా అట్లే పనిచేస్తదని నమ్మలేం.

గాలి లేనిచోటే పనిచేసే మెట్రోనిడజోల్, అదే మనం విరేచనాలకు మింగే గోలీ, కుందేళ్లలో క్రిములను బాగా తగ్గించింది. తర్వాత దక్షిణ కొరియాలో మొండి టీబీ రోగులకు ఇచ్చి చూశారు. కాళ్లు చేతుల నరాలు దెబ్బతినడంతో మధ్యలోనే ఆపేశారు. కాబట్టి ఇప్పటికీ మామూలు టీబీకి ఎక్కువమందికి ఇచ్చేది ఆ ఆరు నెలల కోర్సే.

మావాడు ఊళ్లో ఈసారి మందులు పూర్తిగా మింగిండు. ఇప్పుడు సెంట్రింగ్ పని చేయిస్తున్నడు. పోయిన నెల ఫోన్‌లో ఆ 1.6 సంగతి చెప్పినా. కాసేపు ఏం మాట్లాడలే. "అప్పుడు నీకు తెల్వదు కదా అన్నా" అన్నడు.