కరువు నేలలో గంజి పోసిన చేతులు

కర్నూలు జిల్లా కైరుప్పల అంటే ఉగాది మరునాడు జరిగే పిడకల సమరమే ఎవరికైనా ముందు గుర్తొస్తుంది. కానీ ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ ఉన్న ఈ మెట్టభూముల చరిత్ర రాయబోతే పండుగల కంటే కరువులకే ఎక్కువ పేజీలు పోతాయి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన దత్తమండలాల్లో ఇదొక భాగం. ఆదోని తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ధాత, ఈశ్వర నామ సంవత్సరాల్లో, అంటే 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో అన్నిటికంటే ఎక్కువగా నలిగిన జిల్లాల్లో బళ్లారి, కర్నూలు ఉన్నాయి. 1871 జనాభా లెక్కల్లో 9,14,432 మంది ఉన్న కర్నూలు జిల్లాలో 1881 నాటికి మిగిలింది 6,78,551 మంది. చచ్చిపోయినవాళ్లూ, ఊరు విడిచి తిరిగి రానివాళ్లూ అందరూ ఈ తేడాలోనే ఉన్నారు. ఆదోని మీదుగా రాయచూరుకు రైలు నడవడం మొదలై అప్పటికి కొన్నేళ్లయింది. అయినా కొనే డబ్బు లేనివాడి గుమ్మం ముందు రైలు ధాన్యం దించదు.

కరువు పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లర చాలునని 1877 మొదట్లో భారత ప్రభుత్వం పంపిన కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. పౌను అంటే మన లెక్కలో అరకిలో కూడా కాదు. పలుగు పట్టి మట్టి తవ్వే మనిషి ఒంట్లో ప్రాణం నిలవడానికి అది చాలదని ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు, కానీ ఆ లోపల పోయినవాళ్లు పోయారు. ఇలాంటి కాలంలో సాటివాడికి సేవ చేయడానికి బలం ఎక్కడ నుంచి వస్తుందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. గాదెలో గింజలున్నవాడికి దయ చాలు. గాదే లేనివాడు, తానూ ఆ కరువులోనే ఉన్నవాడు, కలరా సోకిన మనిషి పక్కన కూర్చోవాలంటే దయ ఒక్కటే చాలదు. ఆ రెండేళ్లలో ఆ లోటు తీర్చింది క్రైస్తవ విశ్వాసమని, అది ఎక్కువగా కనిపించింది దొరల బంగళాల్లో కాదు, మాదిగవాడల నుంచి వచ్చిన బోధకుల్లో అని నేను అనుకుంటున్నాను.

దీనికి గట్టి సాక్ష్యం ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో దొరుకుతుంది. అప్పుడు కర్నూలు జిల్లాలోనే ఉన్న కంభం, మార్కాపురం తాలూకాల దాకా ఆ మిషన్ పని సాగేది. మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కరువు పని కింద బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిగతా చోట్ల మేస్త్రీల తిట్లూ దెబ్బలూ తిన్న మాదిగ కూలీలకు ఇక్కడ పని చూపించింది, కూలి అందేలా చూసింది వాళ్ల కులం నుంచే వచ్చిన బోధకులు. అంతకు పదేళ్ల ముందు తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా కాలినడకన తిరిగి మొదలుపెట్టిన తరం అది. ఈ బోధకులు పగలు తట్టలు లెక్కపెట్టి, సాయంత్రం కూలీల మధ్య కూర్చుని, భారం మోసేవాళ్లను దగ్గరకు రమ్మన్న ప్రభువు గురించి చెప్పేవారు. ఊరి బావిని తాకనివ్వని మనిషిని దేవుడు తాకుతాడన్న నమ్మకం వాళ్లకు ప్రసంగంలో చెప్పుకునే మాట కాదు, రోజూ బతికే బతుకు. జ్వరాలు, కలరా చుట్టుముట్టిన ఆ గుడిసెల్లో వాళ్లను పారిపోకుండా నిలబెట్టింది అదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. గంజి పోసి మతం ఇచ్చారు కదా, ఇందులో ధైర్యమేముంది? ఆకలి మీద మతం అమ్మడం ఎక్కడ జరిగినా తప్పే. అందుకే క్లౌ ఏం చేశాడో చూడాలి. కరువు తీవ్రంగా ఉన్న పదిహేను నెలల పాటు, ఎంతమంది వచ్చి అడిగినా, అతను ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సంఖ్యలు చూపించి స్వదేశం నుంచి చందాలు రాబట్టుకునే రోజుల్లో ఒక మిషనరీకి ఇది తేలికైన నిర్ణయం కాదు. సహాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేందుకేమీ లేదని చెప్పాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది నీళ్లలో దిగారు. ఆదుకున్న చేతుల మీద కృతజ్ఞత, రేపు మళ్లీ ఆదుకుంటారన్న ఆశ ఆ గుంపులో లేవని ఎవరూ అనలేరు, నేనూ అనను. కానీ కులం అంటగట్టిన పనులు మానేస్తే ఊరి పెద్దల కోపం తప్పదని తెలిసీ దిగినవాళ్లను గంజి కోసం వచ్చినవాళ్లని కొట్టిపారేయడం, ఆ మనుషులకు ఆకలి తప్ప మనసు లేదనడమే అవుతుంది.

మరో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. సేవకు క్రైస్తవమే కావాలా? ఇదే కర్నూలు జిల్లాలో, ఉయ్యాలవాడలో, 1866 కరువులో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు ఖాళీ చేసి వేలమందికి అన్నం పెట్టాడు. రేనాడు ఈనాటికీ ఆయన పేరు పాటల్లో తలుచుకుంటుంది. ఆయన దానం ముందు ఏ మతం వాడైనా తల వంచాల్సిందే. కరుణ ఏ మతం సొత్తూ కాదు. నేను చెప్పేది వేరే మాట. వెంగళరెడ్డికి పొలాలున్నాయి, పేరుంది, ఊరు ఆయన మాట వినేది. కాలువ గట్టు మీది బోధకుడికి అవేవీ లేవు. అలాంటివాడు పెట్టేవాడి స్థానంలో నిలబడాలంటే, ముందు తానూ మనిషినేనని నమ్మాలి. ఊరు ఇవ్వని ఆ నమ్మకాన్ని అతనికి సువార్త ఇచ్చింది.

అలాగైతే సేవ చేసేవాడు తన విశ్వాసాన్ని ప్రకటించే తీరాలా అని అడగొచ్చు. దీనికి జవాబు ఆదోనికి దక్షిణాన అనంతపురంలో ఉంది. 1952లో జెస్యూట్‌గా మన దేశానికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలో రైతుల మధ్య పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చి, తిరిగొచ్చి 1969లో అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టాడు. మరుసటి ఏడు జెస్యూట్ సభను వదిలి గృహస్థుడయ్యాడు. బత్తలపల్లి ఆసుపత్రిలో గానీ, ఆ సంస్థ కట్టించిన ఇళ్లలో గానీ ఎవరినీ మతం అడగలేదు. కరువు వెళ్లేదాకా క్లౌ తలుపు మూసి ఉంచితే, ఫెర్రర్ సేవకూ మతానికీ మధ్య అసలు తలుపే పెట్టుకోలేదు. 2009లో చనిపోయేదాకా ఆ కరువు జిల్లా విడిచి వెళ్లనూ లేదు.