కౌల్ బజార్ మేడ మీద నేమ్ సర్వర్

మెట్లెక్కుతుంటేనే కుట్టుమిషన్ల అదురు అరికాళ్ళకు తెలుస్తుంది. బళ్ళారి కౌల్ బజార్‌లో ఉన్నారు మీరు, ఒక జీన్స్ యూనిట్ మేడ మీద. కింద కటింగ్, పక్క గదిలో కుట్టు. మే నెల, రేకుల కప్పు, టేబుల్ ఫ్యాను గదిలోని వేడినే మళ్ళీ మీ ముఖాన కొడుతోంది. ముందు ఉబుంటు లాప్‌టాప్, అందులో పైథాన్, ఖాళీ ఫైలు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఓనరు మేనల్లుడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మిమ్మల్ని అన్నా అంటాడు.

ఓనరు కోరిక చిన్నది. యూనిట్‌లోని కంప్యూటర్ల నంబర్లు, 192.168.1.20, 192.168.1.21 అంటూ, స్కెచ్ పెన్నుతో గోడకెక్కాయి. ఎవరికీ గుర్తుండవు. "కటింగ్ అని కొడితే కటింగ్ రావల్ల, అంతేనప్పా" అని చెప్పి కిందికి దిగిపోయాడు. పేరు చెబితే నంబరిచ్చే ఏర్పాటును డీఎన్‌ఎస్ అంటారు. దానికి తయారుగా దొరికే డీఎన్‌ఎస్‌మాస్క్ వేస్తే టీ చల్లారేలోపు పనైపోతుంది. కానీ పిల్లవాడు అడిగాడు, "దాంట్లో లోపలేముంటుందన్నా?" అందుకని చేత్తో రాయడానికి కూర్చున్నారు.

మీ దగ్గరున్న ఆధారం డీఎన్‌ఎస్ నియమాల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 1035. పాల్ మొకపెట్రిస్ 1987 నవంబరులో రాసింది, 55 పేజీలు. అంతకు ముందు 1983లో ఆయనే తొలి రూపం ఇచ్చాడు. దానికీ ముందు, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్‌లోని యంత్రాల పేర్లన్నీ స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక ఫైలు, హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ. అందరూ అక్కడి నుంచి కాపీ తెచ్చుకునేవారు. అంటే ఈ గోడ మీది స్కెచ్ పెన్ను రాతే, కాస్త పెద్దది.

యూడీపీ సాకెట్ తెరుస్తారు. చిరునామా 127.0.0.1, పోర్టు 5300. డీఎన్‌ఎస్ అసలు పోర్టు 53, కానీ లైనక్స్‌లో 1024 కంటే తక్కువ పోర్టు తెరవాలంటే రూట్ అనుమతి కావాలి. ప్రయోగాల వేళ అది అనవసరం. తర్వాత ఒక వైల్ లూప్. వచ్చింది తీసుకో, ప్రింట్ చెయ్యి. అంతే. జవాబిచ్చే తెలివి ఇంకా లేదు.

పేరుకు చివర డాట్ ఇంటర్నల్ తగిలించారు. చాలామంది డాట్ లోకల్ పెట్టేస్తారు, అది మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ సొత్తు, ఫోన్లతో, ప్రింటర్లతో తగువొస్తుంది. డాట్ ఇంటర్నల్‌ను ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ 2024లో సొంత నెట్‌వర్కుల కోసమే వదిలిపెట్టింది, బయట ఎవరికీ అమ్మరు.

రెండో టెర్మినల్‌లో పిల్లవాడు నేమ్ సర్వర్‌ను ప్రశ్నించే డిగ్ కమాండ్ కొడతాడు: పోర్టు 5300, కటింగ్ డాట్ ఇంటర్నల్, ఇంగ్లీషు అక్షరాల్లో. మీ స్క్రీన్ మీద ఒక్క వరుస పడుతుంది. 57 బైట్లు. ముందంతా గజిబిజి, మధ్యలో మాత్రం కటింగ్, ఇంటర్నల్ అనే మాటలు శుభ్రంగా చదవడానికి వస్తున్నాయి.

"కనబడుతోందన్నా!" కుర్చీ ముందుకు జరుగుతుంది.

ఇప్పుడు వేలు పెట్టి లెక్కపెట్టండి. మొదటి 12 బైట్లు హెడర్. అందులో తొలి రెండు ప్రశ్న గుర్తింపు సంఖ్య, జవాబులో దాన్నే తిరిగి పంపాలి. తర్వాతి రెండు జెండాలు. ఆపై రెండేసి బైట్ల చొప్పున నాలుగు లెక్కలు: ప్రశ్నలెన్ని, జవాబులెన్ని, అధికార వివరాలెన్ని, అదనపు వివరాలెన్ని. హెడర్ అయ్యాక పేరు. పేరులో చుక్కలుండవు. ముందు 7 అనే బైటు, వెంట కటింగ్‌లోని ఏడు అక్షరాలు; తర్వాత 8, ఇంటర్నల్‌లోని ఎనిమిది అక్షరాలు; చివర సున్నా. ఒక ముక్క 63 అక్షరాలు దాటకూడదు, మొత్తం పేరు 255 బైట్లు దాటకూడదు. ఈ 63 ఊరికే వచ్చింది కాదు. పొడవు చెప్పే బైటులో పై రెండు బిట్లను మొకపెట్రిస్ వేరే పనికి దాచుకున్నాడు, మిగిలిన ఆరు బిట్లలో పట్టేది అంతే.

ఆ వేరే పని ఇప్పుడు మీకే అవసరం పడుతుంది. జవాబులో పేరు మళ్ళీ రాయాలి. రెండు బిట్లూ ఒకటిగా ఉంటే అక్కడున్నది పొడవు కాదు, వెనక్కి చూపించే గుర్తు. 192, 12 అని రెండు బైట్లు రాస్తే "పేరు కోసం 12వ స్థానానికి వెళ్ళు" అని అర్థం, హెడర్ తర్వాత పేరు మొదలయ్యేది అక్కడే కదా. ప్రతి బైటూ బరువైన రోజుల్లో ఆలోచించిన పొదుపు ఇది. పేరు తర్వాత రకం 1, తరగతి 1, నిల్వ గడువు 60 సెకన్లు, డేటా పొడవు 4, ఆపై 192, 168, 1, 20. మొత్తం 16 బైట్లు. పైథాన్ స్ట్రక్ట్ మాడ్యూల్‌కు ముందు ఆశ్చర్యార్థకం పెడితే పెద్ద బైటు ముందుండేలా అదే పేర్చుతుంది.

సర్వర్ మళ్ళీ నడపండి. డిగ్ జవాబు చూపిస్తుంది, కానీ పైన హెచ్చరిక కూడా పెడుతుంది, ప్యాకెట్ సరిగ్గా లేదని. హెడర్‌లోని లెక్కల్ని వచ్చినవి వచ్చినట్టు తిప్పి పంపితే ఇలాగే అవుతుంది. నేటి డిగ్ తన ప్రశ్న చివర ఈడీఎన్‌ఎస్ అనే అదనపు వివరం ఒకటి తగిలిస్తుంది, 57 బైట్లలో 23 దానివే. మీ జవాబులో అది లేదు, హెడర్ మాత్రం ఉందంటోంది. చివరి లెక్కను సున్నా చేయండి. ఈసారి హెచ్చరిక లేదు. అందుకున్న పరిమాణం 50 బైట్లు. పిల్లవాడు వేళ్ళ మీద కూడుతున్నాడు: పన్నెండు, ఇరవైరెండు, పదహారు. "హౌదన్నా, సరిపాయ!" సంతోషం వస్తే వాడి నోట కన్నడ ముందొస్తుంది.

ఇక్కడిదాకా యాభై వరుసలు కూడా కాలేదు. అసలు ఆలోచించాల్సింది ఇప్పుడుంది. తెలియని పేరు అడిగితే ఏం చెప్పాలి?

వాడు గూగుల్ పేరు కొట్టాడు. పేర్లూ చిరునామాలూ పెట్టుకున్న మీ పైథాన్ డిక్షనరీలో అది లేదు. తేలికగా తోచే జవాబు కోడ్ 3, అంటే "అలాంటి పేరు లేదు". అది అబద్ధం. గూగుల్ ఉంది, మీ చేతిలో లేదు. ఈ ఊరి సంగతే చూడండి. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లావే. ఆ రోజు అవి ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరుకు వచ్చింది. ఆ మర్నాడు ఆదోని పొలం కాగితం కోసం బళ్ళారి కచేరీకి వచ్చిన రైతుతో గుమాస్తా "ఆదోని అనే ఊరే లేదు" అనగలడా? "మా పరిధి కాదు" అనాలి, తెలిస్తే "కర్నూలు పొండి" అని దారి చెప్పాలి. డీఎన్‌ఎస్‌లో మొదటి మాట కోడ్ 5, నిరాకరణ. రెండో మాట ఎన్‌ఎస్ రికార్డు, పై సర్వర్లు కింది సర్వర్లకు దారి చూపేది దానితోనే. కోడ్ 3 వాడే హక్కు డాట్ ఇంటర్నల్ లోపల మాత్రమే మీకుంది, అక్కడ లేని పేరు నిజంగానే లేదు. చేత్తో రాసిన చిన్న సర్వర్లలో నాకు ఎక్కువగా కనబడే తప్పు ఇదే.

దీనికి తోబుట్టువు మరొకటి. బ్రౌజరు ఒక పేరుకు పాత తరహా చిరునామాతో పాటు ఐపీవీ6 చిరునామా కూడా అడుగుతుంది, రకం 28. కటింగ్‌కు అది లేదు. అప్పుడు కోడ్ సున్నా, జవాబుల లెక్కా సున్నా. పేరుంది, మీరడిగిన రకం లేదు అని. ఇక్కడ 3 పంపితే కొన్ని యంత్రాలు ఆ పేరునే కొట్టిపారేస్తాయి, గంట క్రితం పనిచేసింది ఇప్పుడెందుకు చేయదో అర్థం కాక తల పట్టుకుంటారు.

కింద మిషన్లు ఆగాయి, టీ వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఎదురు దుకాణం బోర్డు కన్నడలో, పక్కదాని గోడ రాత తెలుగులో. ఉతుకు యూనిట్ కంప్యూటర్‌కు గంగ అని పేరు పెడదామంటాడు పిల్లవాడు, నీళ్ళ పని కాబట్టి. తెలుగులోనే కొడతాడు. మీ స్క్రీన్ మీద తెలుగు రాదు. ఎక్స్‌ఎన్, రెండు హైఫన్లు, వెనక ఇంగ్లీషు అక్షరాలు, అంకెల గుత్తి. వేరే లిపుల పేర్లను ఇలా మార్చి రాసే పద్ధతి, ప్యూనీకోడ్. మన డాట్ భారత్ కూడా రూట్ సర్వర్లలో ఉండేది ఎక్స్‌ఎన్--ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ అనే రూపంలోనే. పైథాన్‌లోని ఐడీఎన్‌ఏ ఎన్‌కోడింగ్‌తో గంగను మార్చి డిక్షనరీలో వేస్తారు. పనిచేస్తుంది.

అప్పుడు వాడు ఫోను తీసి కన్నడ కీబోర్డుతో గంగ కొట్టి పంపి, దాన్ని టెర్మినల్‌లో అతికిస్తాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. బళ్ళారిలో పుట్టిన కంటికి తేడా ఏముంది? సర్వర్ మాత్రం కోడ్ 3 అంటుంది. యూనికోడ్‌లో తెలుగు గ సంఖ్య 3095, కన్నడ గ సంఖ్య 3223. తేడా సరిగ్గా 128. సున్నకూ అంతే తేడా. రెండు లిపులకూ పక్కపక్కనే 128 గడులిచ్చి, ఒకే వరుసలో అక్షరాలు నింపారు. డీఎన్‌ఎస్ కంటితో చదవదు, బైట్లు పోల్చి చూస్తుంది. ఇంగ్లీషులో చిన్నా పెద్దా అక్షరాల తేడా ఒక్కటే అది వదిలేస్తుంది.

మీ యూనిట్‌లో మందు సులువు. రెండు రూపాలనూ ఒకే చిరునామాకు కట్టారు. ప్రపంచానికి అలా కుదరదు. ఒకరు తెలుగు గంగ కొని, మరొకరు కన్నడ గంగ కొంటే మోసానికి అంతకంటే మంచి వల లేదు. అందుకే నియో బ్రాహ్మీ జనరేషన్ ప్యానెల్ డీఎన్‌ఎస్‌లో అన్నిటికంటే పైన ఉండే రూట్ జోన్ కోసం మన లిపులకు నియమాలు రాసినప్పుడు తెలుగు, కన్నడల్లో ఒకేలా కనబడే అక్షరాలను జంటలుగా పట్టిక వేసింది. ఒకరు ఒక రూపం తీసుకుంటే రెండోది ఎవరికీ దక్కదు. 2019లో ఆ నియమాలు రూట్ జోన్ నియమావళిలో చేరాయి. ఆ పట్టిక వేసినవాళ్ళు ఈ కిటికీలోంచి చూసి ఉంటే వాళ్ళ పని సగం తగ్గేది.

మిగిలింది కూలిపని. యూనిట్ ఫోన్లకు బయటి ఇంటర్నెట్ కూడా కావాలి గనక, తమది కాని ప్రశ్నను నిరాకరించే బదులు గూగుల్ నడిపే డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8కు యథాతథంగా పంపి, వచ్చిన జవాబును అడిగినవారికి ఇవ్వడం. దానికి రెండు సెకన్ల గడువు పెట్టారు, లేకపోతే ఒక జవాబు రాకపోయినా వెనకున్న వాళ్ళంతా వరుసలో నిలబడాలి. తర్వాత థ్రెడ్లు, పోర్టు 53, రూటర్ సెట్టింగులో ఈ యంత్రం చిరునామా. ఓనరు ఫోనులో కటింగ్ డాట్ ఇంటర్నల్ తెరుచుకుంది. "ఇంతేనా?" అన్నాడు. మెచ్చుకోలో కాదో తెలియదు.

మీరూ రాసి చూడండి, ఒక సాయంత్రం చాలు. సాకెట్‌ను 0.0.0.0కు మాత్రం కట్టకండి. 127.0.0.1 కానీ, లోపలి నెట్‌వర్కు చిరునామా కానీ ఇవ్వండి. బయటికి తెరిచిన డీఎన్‌ఎస్ సర్వర్‌ను అవతలివాడు దొంగ చిరునామాతో ప్రశ్నలడిగి, జవాబుల వరదను మూడో మనిషి మీదికి మళ్ళిస్తాడు. 2013లో, స్పామ్‌ను అడ్డుకునే సంస్థ స్పామ్‌హౌస్ మీద జరిగిన దాడికి ఇలా తెరిచి వదిలేసిన సర్వర్లనే వాడుకున్నారు.