సిరల ఫిల్టర్ (క్యాన్సర్ రోగుల్లో)

కాలి సిరల్లో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరకుండా పొట్టలోని పెద్ద సిరలో, అంటే అధో మహాసిరలో, అమర్చే లోహపు తీగల పరికరం. క్యాన్సర్‌కూ రక్తం గడ్డకట్టడానికీ ఉన్న సంబంధాన్ని ఫ్రెంచ్ వైద్యుడు ఆర్మాండ్ త్రూసో 1865లో వివరించాడు. రెండేళ్లకు ఆయనే జీర్ణాశయ క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

1973 నాటి గ్రీన్‌ఫీల్డ్ ఫిల్టర్‌కు ఆరు కాళ్లు, శంకువు ఆకారం. గడ్డ కొన దగ్గర చిక్కుకుంటుంది, రక్తం చుట్టుపక్కల నుంచి పారుతూనే ఉంటుంది. మెడ లేదా గజ్జ సిరలోంచి సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ దీన్ని అమరుస్తారు.

మొదటి చికిత్స మాత్రం రక్తాన్ని పలచబరిచే మందులే: హెపారిన్ ఇంజెక్షన్లు, అపిక్సబాన్ వంటి మాత్రలు. కణితి నుంచి రక్తం కారుతున్నా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా ఆ మందులు ఇవ్వడం కష్టం. ఫిల్టర్ అవసరం ప్రధానంగా అప్పుడే. మందులు వాడుతున్నవారికి అదనంగా ఫిల్టర్ పెట్టి చూసిన ఫ్రాన్స్ ప్రెపిక్ అధ్యయనంలో (1998) ఊపిరితిత్తులకు గడ్డలు చేరడం తగ్గింది. కాలి గడ్డలు పెరిగాయి, మరణాలు తగ్గలేదు. అందుకే ముందుజాగ్రత్త పేరుతో అందరికీ పెట్టడం సరికాదు.

ప్రమాదం తొలగాక ఫిల్టర్‌ను తీసేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో వైద్యులకు సూచించింది. ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం వంటి ఊళ్ల నుంచి హైదరాబాద్ వెళ్లి చికిత్స పొందేవారికి ఇదే అసలు చిక్కు: కీమో అయిపోయాక మళ్లీ ప్రయాణం వాయిదా పడుతుంది, ఫిల్టర్ లోపలే ఉండిపోతుంది. దాని రకం, పెట్టిన తేదీ, తీయాల్సిన గడువు డిశ్చార్జి కాగితంలో రాయించుకోవాలి. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పుడితే వెంటనే డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయాలి.