గర్భాశయం వెలుపల గర్భం: ఎవరికి ముప్పు ఎక్కువ?

ఫలదీకరణ చెందిన అండం గర్భాశయంలో కాక మరోచోట నాటుకోవడాన్ని ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అంటారు. ప్రతి 100 గర్భాల్లో ఒకటి, రెండు ఇలాంటివి ఉంటాయి. వీటిలో 90 శాతానికి పైగా ఫెలోపియన్ నాళంలో ఏర్పడతాయి. పిండం పెరిగే కొద్దీ నాళం చిట్లి, కడుపులో రక్తస్రావమై తల్లి ప్రాణానికే ప్రమాదం వాటిల్లుతుంది.

ముప్పును పెంచేవి

నాళం దెబ్బతినడమే ప్రధాన కారణం. గతంలో ఒకసారి ఈ సమస్య ఎదురైన వారికి మళ్లీ వచ్చే అవకాశం సుమారు 10 శాతం. రెండుసార్లు వస్తే అది 25 శాతం దాటుతుంది. క్లమీడియా, గనేరియా వంటి లైంగిక వ్యాధుల వల్ల వచ్చే పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్లు, నాళాలపై జరిగిన శస్త్రచికిత్స, పొగతాగడం, 35 ఏళ్లు దాటిన వయసు, సంతానలేమి, ఐవీఎఫ్ చికిత్స కూడా ముప్పును పెంచుతాయి. భారతదేశంలో జననాంగాలకు సోకే క్షయ మరో ముఖ్య కారణం. అయితే బాధితుల్లో దాదాపు సగం మందికి ఈ కారణాలేవీ ఉండవు.

ఆపరేషన్ తర్వాత కూడా

జార్ఖండ్‌లో కుటుంబ నియంత్రణకు ఎక్కువమంది స్త్రీలు శస్త్రచికిత్సనే ఆశ్రయిస్తున్నారు. దాని తర్వాత గర్భం రావడం అరుదు. కానీ వస్తే, అది నాళంలో ఉండే అవకాశం ఎక్కువ. 1990లలో వెలువడిన అమెరికా అధ్యయనంలో అలాంటి గర్భాల్లో మూడింట ఒక వంతు ఎక్టోపిక్‌వే. కాపర్-టి ఉండగా వచ్చిన గర్భానికీ ఇదే జాగ్రత్త అవసరం. అందుకే ‘ఆపరేషన్ అయింది కదా’ అని నెల తప్పడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

గుర్తించడం ఎలా?

నెల తప్పాక ఒకవైపు పొత్తికడుపు నొప్పి, కొద్దికొద్దిగా రక్తస్రావం తొలి సూచనలు. కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం, భుజం నొప్పి ఉంటే నాళం చిట్లినట్లు అనుమానించాలి. బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష, యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్ స్కాన్‌తో వ్యాధిని నిర్ధారిస్తారు. తొలిదశలో కొందరికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ సరిపోతుంది, ఇతరులకు శస్త్రచికిత్స తప్పదు. గర్భస్రావం మాత్రలు ఈ గర్భాన్ని తొలగించవు. వాటితో వచ్చే రక్తస్రావం అసలు ప్రమాదాన్ని కప్పిపుచ్చవచ్చు.

జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల స్త్రీలు గర్భం వచ్చిన తొలి వారాల్లో పుట్టింటికి సుదీర్ఘ రైలు ప్రయాణం చేయవలసివస్తే, ముందుగా స్కాన్ చేయించుకుని గర్భం ఎక్కడుందో తెలుసుకోవడం మేలు. తీవ్రమైన నొప్పి, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే 108కు ఫోన్ చేసి, టాటా మెయిన్ హాస్పిటల్, ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి వెంటనే చేరుకోవాలి. పాత ఆపరేషన్ల కాగితాలు వెంట ఉంటే వైద్యులకు సులువవుతుంది.