ఆరు చక్రాల ఇల్లు

1972 మే నెలాఖరులో వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయంలో ట్రాన్స్‌పో అనే పెద్ద రవాణా ప్రదర్శన జరిగింది. అక్కడికి వచ్చిన విమానాలు, రైళ్లు, రేపటి నగరాల కోసం తయారైన వాహనాల మధ్య జనరల్ మోటార్స్ ఒక మోటార్‌హోమ్‌ని నిలబెట్టింది. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది ఇమిడిన బండ్లు అమెరికా వాళ్లకు అప్పటికే కొత్త కాదు. వాటిలో చాలావరకు ఎవరి దగ్గరో ట్రక్కు ఛాసిస్ కొని, దాని మీద చెక్క ఫ్రేమూ రేకూ బిగించి కట్టినవి. ఎక్కాలంటే మెట్లు కావాలి. ఈదురుగాలి తగిలితే పక్కకి నెట్టేసేది. ఇలాంటి బండి అలాగే ఉంటుందని జనం సర్దుకుపోయారు.

ప్రదర్శనలో ఉన్నది అలాంటిది కాదు. ముందు రెండు నిలువెత్తు అద్దాలు, పొడవునా కిటికీలు, ఎక్కడా మూల అన్నదే కనిపించని ఒళ్లు. ఒక్క అడుగు పైకి వేస్తే లోపల ఉంటాం. అంత కిందికి నేలను దించగలగడమే ఆ ఇంజనీర్ల ఘనత. జనరల్ మోటార్స్‌దే అయిన ఓల్డ్స్‌మొబైల్ బ్రాండులో టొరొనాడో అనే కారు 1966 మోడల్ నుంచీ ముందు చక్రాల మీద నడుస్తోంది. దాని 7.5 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజన్నీ, ఇంజను పక్కనే ఒదిగి వెడల్పాటి ఇనుప గొలుసుతో తిరిగే ట్రాన్స్‌మిషన్నీ తెచ్చి వీళ్లు బండి ముక్కులో పెట్టారు. వెనక్కి శక్తిని మోసుకెళ్లే పొడవాటి షాఫ్టు అక్కర్లేకపోయింది. వెనక చక్రాలు పక్కకి రెండు చొప్పున, ఒకదాని వెనక ఒకటి. వాటి మధ్య అడ్డంగా ఇరుసు లేదు. ఒక్కో వైపు రెండు చక్రాల చేతుల నడుమ ఒక రబ్బరు గాలితిత్తి పడుకుని ఉంటుంది. ఆ రెంటిలో ముందున్న చక్రం గోతిలో దిగితే ఆ ఒత్తిడిని తిత్తి వెనకున్న దానితో పంచుకుంటుంది. అల్యూమినియం పక్కటెముకలు, వాటికి అతికించిన అల్యూమినియం రేకు, కింది భాగాలకు ఫైబర్‌గ్లాస్, లోపల నురుగులా చల్లి గట్టిపరచిన పొర. 23 అడుగుల రకం ఒకటి, 26 అడుగుల రకం ఒకటి. ఇంజనూ ఛాసిస్సూ ఒళ్లూ అన్నీ తానే చేసి మోటార్‌హోమ్ కట్టిన పెద్ద కార్ల కంపెనీ అమెరికాలో ఇంకోటి లేదు. మిషిగన్ రాష్ట్రంలో పాంటియాక్ అనే ఊళ్లో, జనరల్ మోటార్స్‌లోని జీఎంసీ అనే ట్రక్కుల విభాగంలో ఇది పుట్టి, ఆ పేరే పెట్టుకుంది.

1973 మోడల్‌గా అమ్మకాలు మొదలయ్యాయి. ఆ ఏడాది అక్టోబరులోనే అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లో పీపా ధర దాదాపు నాలుగింతలైంది. పెట్రోలు బంకుల ముందు కార్లు వీధి చివరిదాకా బారులు తీరాయి. 1974 జనవరిలో దేశమంతటా గంటకి 55 మైళ్ల వేగ పరిమితి పెడుతూ చట్టం వచ్చింది. ఈ బండికి 50 గ్యాలన్ల ట్యాంకులు, అంటే దాదాపు 190 లీటర్లు. గ్యాలన్‌కి ఎనిమిది, పది మైళ్లు నడుస్తుంది. బంకు ముందు బారులో దాన్ని నిలబెట్టే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? మోటార్‌హోమ్‌ల వ్యాపారం మొత్తం కుంగిపోయింది. దేశం రోడ్డుకి భయపడుతున్న వేళ, ఎంతో ప్రేమతో కట్టిన ఈ బండి రోడ్డెక్కింది.

అయినా అది వెంటనే చావలేదు. లోపల ఏమీ అమర్చని ఖాళీ ఒళ్లను కూడా కంపెనీ అమ్మింది. వాటిని కొన్నవాళ్లు అంబులెన్సులుగా, సంచార వైద్యశాలలుగా, ప్రయాణికుల బస్సులుగా మార్చుకున్నారు. ఇంజను 1977లో 6.6 లీటర్లకి తగ్గింది. ఈలోగా పైనున్నవాళ్లు లెక్కలు వేసుకున్నారు. టొరొనాడో కారు 1979కి చిన్నదవుతోంది, దాంతో ఆ పెద్ద ట్రాన్స్‌మిషన్ తయారీ ఆగిపోతుంది. బండిని కొనసాగించాలంటే ముందు భాగమంతా కొత్తగా ఆలోచించాలి, దానికి డబ్బు పోయాలి. ఆ ఫ్యాక్టరీ జాగా ట్రక్కులకి కావాలి. 1978లో ఆపేశారు. అప్పటికి తయారైనవి 12,921. మూడేళ్ల తర్వాత స్ట్రైప్స్ అనే హాలీవుడ్ సినిమాలో సైన్యపు రహస్య యుద్ధవాహనంగా వేషం కట్టింది కూడా ఈ బండే. ఇప్పటికీ దాన్ని రోడ్డు మీద చూసి ఆ సినిమా పేరు చెప్పేవాళ్లున్నారు.

తర్వాత ఈ బండిని కన్నవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఇంజన్ని ఇచ్చిన ఓల్డ్స్‌మొబైల్ 2004లో ఆగిపోయింది. 2009 జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా కోర్టుకెక్కింది. ఆ ఏడే పాంటియాక్ ఊళ్లోని ట్రక్కుల ఫ్యాక్టరీ మూతపడింది. మరుసటేడు పాంటియాక్ పేరుతో వచ్చే కార్లే లేకుండాపోయాయి. అప్పులపాలైన ఆ ఊరిని కొన్నేళ్లపాటు రాష్ట్రం నియమించిన మేనేజర్లు నడిపారు. ఈ బండ్లు తయారవుతున్న రోజుల్లోనే, 1975లో అక్కడ తెరిచిన సిల్వర్‌డోమ్ స్టేడియాన్ని 2017లో పేల్చి కూల్చేశారు. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్లు ట్రాయ్, ఆబర్న్ హిల్స్ వైపు వెళ్తూ ఆ ఊరి పక్కనుంచే రోజూ పోతుంటారు. అక్కడ ఒకప్పుడు ఏం తయారైందో వాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు.

చమురు కొట్టిన దెబ్బా కంపెనీ వేసుకున్న లెక్కా ఈ బండికి మొదటి చావు. రెండో చావు ఇళ్ల పెరళ్లలో జరుగుతోంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే దాన్ని చంపుతున్నది ప్రేమ.

ఆ ప్రేమకథ దాదాపు ఎప్పుడూ ఇలాగే నడుస్తుంది. కొనే మనిషికి బండి పని కొత్త. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఇలాంటి బండిలో వెనక కిటికీకి ముక్కు ఆనించి కొండల్ని చూసిన జ్ఞాపకం ఉంటుంది, లేదా అలాంటి జ్ఞాపకం పిల్లలకి ఇవ్వాలన్న ఆశ ఉంటుంది. ఎవరిదో పొలంలో, చెట్టు కింద ఏళ్లుగా నిలబడిన జీఎంసీ తక్కువ ధరకి దొరుకుతుంది. కొత్త బ్యాటరీ పెట్టి, కార్బురేటర్‌లో కాస్త పెట్రోలు పోస్తే ఆ పెద్ద ఇంజను దగ్గి, పొగ కక్కి, గర్జిస్తుంది. ఆ మనిషి కళ్లు చెమరుస్తాయి. ఇంజను తిరిగింది, మిగతాదంతా మన చేతిలో పనే అనుకుంటాడు.

మొదటి ఆదివారం కార్పెట్ పీకేస్తారు. రెండో ఆదివారం సోఫాలు, అల్మారాలు. భార్య, పిల్లలు అందరూ చేయి వేస్తారు. పీకే పని తొందరగా సాగుతుంది, సాయంత్రానికి చెత్తగుట్ట కనబడుతుంది, పని జరిగినట్టుంటుంది. తీసిన స్క్రూలను కవర్లలో వేసి ఏది ఎక్కడిదో రాసిపెడతారు. మూడో వారానికి రాయడం ఆగిపోతుంది.

అప్పుడు నేల బయటపడుతుంది. తలుపు దగ్గర ప్లైవుడ్‌లో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోతుంది. నీళ్లు ఎక్కణ్నించి వచ్చాయి? పెంకుటింట్లో పెంకు పగిలినచోట కాకుండా వాసం వెంట జారిన చుక్క ఇంకెక్కడో కారినట్టే ఇక్కడా. పైకప్పు మీద గాలిమూతల అంచుల్లో, వరసగా ఉండే చిన్న లైట్ల కింద, కిటికీ ఫ్రేముల్లో దశాబ్దాల నాటి సీలెంట్ ఎండి పగిలిపోయింది. చుక్క పక్కటెముక వెంట దిగి, గోడ వెనక నడిచి, ఎక్కడో నేలను పుచ్చబెట్టింది. ఆ ప్లైవుడ్ తియ్యాలంటే దాని మీద నిలబడ్డవన్నీ తియ్యాలి. తీస్తాడు. కింద ఉక్కు చట్రం మీద తుప్పు కనబడుతుంది. దాన్ని గీకడం మొదలుపెడతాడు.

వైర్ల సంగతి ఇంకోటి. ఈ బండిలో రెండు కరెంట్లు ఉంటాయి. బ్యాటరీలతో నడిచే 12 వోల్టులది ఒకటి, బయట ప్లగ్గు నుంచో ఓనన్ జనరేటర్ నుంచో వచ్చే 120 వోల్టులది ఇంకొకటి. దానికి తోడు పాత యజమానులందరూ తలా కాస్త వైరు కలిపి టేపు చుట్టి పోయారు. ఎలుకలు కొరికిన చోట్లు వేరే. ఏ వైరు దేనికో తెలుసుకోవాలంటే పరీక్షించడానికి దాని చివర లైటో పంపో ఉండాలి. అవి అప్పటికే పెట్టెల్లోకి వెళ్లిపోయాయి.

ఈ ముచ్చట్ల మధ్య అసలు ప్రాణం తీసేవి కిందే ఉండిపోతాయి. ట్యాంకుల పైనున్న రబ్బరు పెట్రోలు గొట్టాలు ఆ కాలపు పెట్రోలుకి చేసినవి. ఇవాళ్టి పెట్రోలులో కలిసే ఇథనాల్‌కి అవి మెత్తబడి పగుళ్లిస్తాయి. మార్చాలంటే ట్యాంకులు కిందికి దించాలి. ఇంజను ఉండేది డ్రైవరు పక్కనే, నేల కింద. కాలుతున్న ఇంజను మీద పెట్రోలు చిమ్మితే మంటని ఆపే వ్యవధి ఉండదు. అలా రోడ్డు పక్కనే కాలిపోయిన జీఎంసీలు ఉన్నాయి. బ్రేకు గొట్టాలు, ముందు చక్రాల బేరింగులు, టైర్లు ఇవీ అంతే. టైరు పక్కన నాలుగంకెల్లో అది తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. గీతలు బాగున్నా ఆ సంవత్సరం పాతదైతే ఆ టైరుని నమ్మకూడదు. బండితో వచ్చిన 16.5 అంగుళాల సైజు టైర్లు దొరకడమే అరుదు కాబట్టి చక్రాలే మార్చాలి, అదీ ఆరు. ఇంత ఖర్చుపెట్టినా చూడ్డానికి ఏమీ మారదు. కొత్త కర్టెన్లు మాత్రం అందరికీ కనబడతాయి.

నిలబెట్టుకున్నవాళ్లు లేకపోలేదు, వేల బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. వాళ్లు చేసిన వరస తలకిందులు. ముందు నిప్పు ఆర్పే సిలిండరు కొని సీటు పక్కన పెట్టారు. పెట్రోలు గొట్టాలు, బ్రేకులు, టైర్లు, ఆ తర్వాత పైకప్పు. వెలిసిపోయిన కార్పెట్ మీదే కూచుని పక్క ఊరి దాకా వెళ్లొచ్చారు. లోపలి పని ఒక్కొక్క అల్మారాగా, బండి నడుస్తుండగానే చేసుకున్నారు. బండి కదులుతున్నంతకాలం మనిషికి ఓపిక ఉంటుందని వాళ్లని చూస్తే తెలుస్తుంది. కదలని బండికి రెండో శీతాకాలం దాకా ఎదురుచూసే కుటుంబం చాలా అరుదు.

మన కథలో మనిషికి ఆ శీతాకాలం వచ్చేస్తుంది. 26 అడుగుల బండిని పట్టే గ్యారేజీ మామూలు ఇంటికి ఉండదు. పైకప్పుకి రంగు వేద్దామని గాలిమూతలు తీసి, ఆ రంధ్రాల మీద టార్పాలిన్ కట్టి ఉంచాడు. మంచు బరువుకి టార్పాలిన్ కుంగి, గాలికి చిరిగి, కొత్తగా వేసిన ప్లైవుడ్ మీద నీళ్లు నిలిచాయి. గాలితిత్తుల్లోంచి గాలి దిగిపోయి బండి వెనక భాగం మోకరిల్లినట్టు నేలకి ఆనింది. ఇంట్లోవాళ్లు దాని గురించి మాట్లాడటం మానేశారు. అతనికి ఆఫీసులో పని పెరిగింది, తండ్రికి ఒంట్లో బాగోలేదు. పెరట్లోకి చూసినప్పుడల్లా అతనికి కలిగే సిగ్గుని నేను అర్థం చేసుకోగలను. బద్ధకస్తుడికి అలాంటి సిగ్గు ఉండదు.

చివరికి ప్రకటన ఇస్తాడు. పని చాలావరకు అయిపోయిందని, విడిభాగాలన్నీ పెట్టెల్లో ఉన్నాయని రాస్తాడు. నమ్మే రాస్తాడు. కొన్న రెండో మనిషి ఆ పెట్టెలు తెరిచి, ఏ స్క్రూ ఎక్కడిదో తెలియక ఒక ఏడాది తంటాలు పడతాడు. ఇల్లు మారుతూ ఒక పెట్టె పోగొడతాడు. మూడో మనిషికి బండి అక్కర్లేదు. ముందు అద్దాలు, కిటికీ ఫ్రేములు, చక్రాల చేతులు జాగ్రత్తగా విప్పి, కావలసినవాళ్లకి విడివిడిగా అమ్ముతాడు. అందరికన్నా ముందు అడిగేది ట్రాన్స్‌మిషన్‌నే, 1978 తర్వాత దాన్ని ఎవరూ తయారుచెయ్యలేదు కాబట్టి. అది ఎక్కడో తిరుగుతున్న మరో జీఎంసీకి ఎక్కుతుంది. మిగిలిన అల్యూమినియం ఒళ్లుని ముక్కలు కోసి తూకానికి వేస్తారు.