ముందు కలిశారు, తర్వాత సర్దుకున్నారు

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు తమ పాత పేర్లు వదులుకుని ఒకే సంఘమయ్యారు. మనం సి.ఎస్.ఐ. అని పిలుచుకునే దక్షిణ ఇండియా సంఘం ఆ రోజు పుట్టింది. సుమారు పది లక్షల మంది సభ్యులు, పద్నాలుగు డయోసిస్‌లు. బిషప్పులున్న సంఘాలూ బిషప్పుల పొడే గిట్టని సంఘాలూ యూరపులో మతసంస్కరణ జరిగాక ఒక్కటవడం అదే మొదటిసారి. ఆ ఐక్యత ఎలా సాధ్యమైందని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. స్వాతంత్ర్యం వచ్చింది కాబట్టి తెల్లదొరల మిషన్లు మూటాముల్లె సర్దుకుంటూ అన్నిటినీ ఒక గంపలో వేసి వెళ్లాయని ఒకటి. వేదాంత పండితులు ఏళ్ల తరబడి చర్చించి అభిప్రాయ భేదాలన్నీ తీర్చేశారని రెండోది. ఈ రెండూ చరిత్రకు నిలవవు. అభిప్రాయ భేదాలు తీరకముందే కలవాలన్న తెగువ వల్ల ఆ ఐక్యత సాధ్యమైంది. ఆ తెగువ పల్లెల్లో పనిచేసిన భారతీయ నాయకుల నుంచి వచ్చింది.

మొదటి జవాబును తేదీలే కొట్టేస్తాయి. ఐక్యతకు పిలుపు వెళ్లింది 1947లో కాదు, 1919 మేలో. తమిళ తీరాన తరంగంబాడిలో ముప్పై ముగ్గురు సమావేశమై ఆ ప్రకటన చేశారు. వాళ్లలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ముందు నిలిచినవాడు దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన ఈ తమిళుడు 1909లో తెలుగు నేల మీదికి మిషనరీగా వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీలు త్యాగాలు చేశారు గాని మాతో స్నేహం చేయలేకపోయారని నిర్మొహమాటంగా చెప్పి అక్కడివాళ్లను ఇబ్బంది పెట్టినవాడు ఆయనే. తరంగంబాడి పిలుపు తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు కమిటీలు కూర్చున్నాయి. 1920లో ఆంగ్లికన్లకూ, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాల కలయికతో 1908లోనే ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘానికీ మధ్య చర్చలు మొదలయ్యాయి. 1925లో వెస్లియన్ మెథడిస్టులు చేరారు. 1929లో ఐక్యతా పథకం అచ్చయింది. ఓట్లు పడడానికి 1943 నుంచి 1946 దాకా పట్టింది. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. ఆంగ్లికన్ సంఘం అంగీకారం తెలిపింది అదే నెలలో. ఇదంతా మిషన్ల వాళ్లు వెళ్లిపోతూ హడావిడిగా చేసిన పని అనడం అన్యాయం.

మరి ఈ తపన ఎక్కడ పుట్టింది? తెలుగు దేశపు మిషన్ పటం ఒకసారి కళ్లముందు పెట్టుకుంటే తెలుస్తుంది. మిషన్లు ఒకరి పొలంలో ఒకరు అడుగుపెట్టకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీ వాళ్లది. గుంటూరు అమెరికా లూథరన్లది. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. కాకినాడ నుంచి ఉత్తరానికి కెనడా బాప్టిస్టులు. కడప, గుత్తి వైపు లండన్ మిషన్, నంద్యాల చుట్టుపక్కల ఎస్.పి.జి. అనే మరో ఆంగ్లికన్ మిషన్, నిజాం రాజ్యంలో మెదక్ వైపు వెస్లియన్లు. కృష్ణానది ఏ ఒడ్డున ఉన్నాడనే దాన్ని బట్టి ఒక కూలి ఆంగ్లికనో లూథరనో అయ్యాడు. మార్టిన్ లూథర్ జర్మనీలో ఎందుకు తిరగబడ్డాడో, ఎనిమిదో హెన్రీ పోపుతో ఎందుకు తెగతెంపులు చేసుకున్నాడో అతనికి సంబంధం లేని సంగతులు. కాని ఆ తగాదాలు అతని ఇంటికి వచ్చి కూర్చున్నాయి. పనికోసం వేరే జిల్లాకు వలసపోతే అక్కడి గుళ్లో ప్రభు భోజనపు బల్ల దగ్గరికి వెళ్లొచ్చో లేదో తెలియదు. కొన్నిచోట్ల బాప్తిస్మమే చెల్లదనేవారు. 1927లో లొసాన్‌లో జరిగిన ప్రపంచ సంఘాల సభలో అజరయ్య చెప్పింది ఈ అనుభవమే. క్రైస్తవ దేశాల్లో చీలిక ఒక బలహీనత కావచ్చు, మా దగ్గర అది పాపమే అన్నది ఆయన వాదన. అంటరానితనాన్ని తెంచుకోవాలని చూస్తున్న లక్షల మందిని ఏ సంఘంలోకి పిలుస్తారని అంబేడ్కర్ అడిగితే అజరయ్య దగ్గర జవాబు లేకపోయిందని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. ఏకం కావడానికి వస్తున్నవాళ్లను ముక్కలుగా పంచుకునే సంఘం ఏం చెప్పుకోగలదు?

ఇక రెండో జవాబు. చర్చలన్నీ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతూ వచ్చాయి: గురువుకు గురుత్వపు అధికారం ఎవరిస్తారు? బిషప్పు హస్తనిక్షేపణం లేనిదే గురుత్వం సంపూర్ణం కాదని ఆంగ్లికన్లలో ఒక బలమైన వర్గం నమ్మింది. సంఘమే పిలిచి నియమించిన తమ కాపరులకు మళ్లీ అభిషేకం చేయించడమంటే ఇన్నేళ్ల సేవ చెల్లదని ఒప్పుకోవడమేనని అవతలివాళ్లు నమ్మారు. ఇద్దరిలో ఎవరూ మారలేదు. 1947 ఒప్పందం ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే ఒక దారి చూపింది. ఇప్పటికే ఉన్న గురువులందరినీ ఉన్నట్టే అంగీకరిద్దాం, ఎవరికీ మళ్లీ అభిషేకం వద్దు. ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగానే. మనస్సాక్షి ఒప్పని గురువును ఏ సంఘం మీదా రుద్దం. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ కూర్చుని చూద్దాం. ఇదీ దాని సారాంశం.

దీన్ని తప్పించుకునే ఎత్తుగడ అన్నవాళ్లున్నారు. చిన్నవాళ్లేమీ కాదు. కవి టి.ఎస్. ఎలియట్ 1943లో ఈ పథకాన్ని ఖండిస్తూ ఒక చిన్న పుస్తకమే రాశాడు. ముఖ్యమైన ప్రశ్నను నాన్చి కలవడం కలయిక కాదు, ఉన్నదాన్ని కూల్చుకోవడమేనన్నది ఆయన అభ్యంతరం. 1948 లాంబెత్ సభలో ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులు కొత్త సంఘపు గురువులను పూర్తిగా గుర్తించే విషయంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. తల్లి సంఘమే వాకిట్లో నిలబెట్టిందన్న బాధ ఇక్కడివాళ్లకు చాలాకాలం ఉంది. అయినా ఎలియట్ అభ్యంతరంలో ఒక ఊహ దాగుంది. మనుషులు ముందు ఒక అభిప్రాయానికి వచ్చి, ఆ తర్వాతే కలిసి బతుకుతారన్నది ఆ ఊహ. సి.ఎస్.ఐ. అనుభవం దానికి ఎదురు సాక్ష్యం. 1950లో ఆ సంఘం తయారు చేసిన ప్రభు భోజన ఆరాధన క్రమాన్నే తీసుకోండి. గురువు బల్ల వెనక నిలబడి సంఘం వైపు చూస్తాడు. రొట్టెను, ద్రాక్షారసాన్ని సంఘస్థులే ముందుకు తెస్తారు. సమాధానం ఇచ్చిపుచ్చుకునే ఘట్టంలో ఒకరి కుడి అరచెయ్యి మరొకరి కుడి అరచేతికి ఆనించి, ఎడమచేత్తో అవతలివారి కుడిచేతిని కప్పుతారు. ఈ చివరి ఆచారం కేరళ సిరియన్ క్రైస్తవులది. ఐక్యతలో చేరని సంఘం నుంచి కూడా మంచిదనిపించింది తీసుకున్నారన్నమాట. పాత సంఘాలు ఎవరి ప్రార్థన పుస్తకం వాళ్లు పట్టుకుని బేరమాడి ఉంటే ఇలాంటి ఆరాధన పుట్టేది కాదు. కలిసి ఉన్నారు కాబట్టే కలిపి రాయగలిగారు. ఆ క్రమం తర్వాతి దశాబ్దాల్లో విదేశీ సంఘాలకూ నమూనా అయింది.

నంద్యాల సంగతి దాటవేయకూడదు. ఎస్.పి.జి. పెంచిన అక్కడి ఆంగ్లికన్లలో చాలామంది 1947లో చేరం అన్నారు. వేల కుటుంబాల మాట అది. పాత ఆరాధన పోతుందన్న భయం ఉంది, ఇంగ్లండు నుంచి వచ్చే ఆసరా ఆగిపోతుందన్న ఆందోళనా ఉంది. పక్కపక్క ఊళ్లలో, కొన్నిచోట్ల ఒకే ఊళ్లో, రెండు సంఘాలయ్యాయి. ఐక్యత కొత్త చీలికను తెచ్చిందని విమర్శకులు అనడంలో నిజం ఉంది. కాని వాళ్లను బలవంతపెట్టలేదు. 1970లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల అందులోకి వెళ్లి, 1975లో సి.ఎస్.ఐ.లో చేరింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత తమంతట తామే రావడాన్ని నేను ఒప్పంద వైఫల్యంగా లెక్కపెట్టను.

దీని పక్కన లూథరన్లతో జరిగిన చర్చలు పెట్టి చూడాలి. 1948లోనే మొదలయ్యాయి. ఈసారి పద్ధతి తిరగబడింది: ముందు సిద్ధాంతం, తర్వాత కలయిక. విశ్వాసం, సంస్కారాలు, పరిచర్య అన్నీ ఒక్కొక్కటిగా చర్చించి, విడిపోయి ఉండాల్సినంత భేదం లేదని ఇరుపక్షాల పండితులూ తేల్చారు. కలయిక మాత్రం జరగలేదు. కలవడానికి సిద్ధాంతపు ఒప్పందాలు సరిపోవని దీన్నిబట్టి తేలుతోంది. అదే కాలంలో ఎవరూ పెద్దగా సిద్ధాంతాలు మాట్లాడకుండా జరిగిన పనులు నిలిచాయి. 1964లో రాజమండ్రిలో లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వాళ్లు కలిసి ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ పెట్టారు. తర్వాత అది హైదరాబాదుకు తరలింది, ఇప్పటికీ నడుస్తోంది. అంతకుముందు నుంచీ అందరి చేతుల్లోనూ ఉన్నది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. పురుషోత్తమ చౌదరి కీర్తన పాడేటప్పుడు ఆయన ఏ మిషన్ వాడని ఎవరూ అడగరు.

అయితే లూథరన్లతో సిద్ధాంతం తీరినా కలయిక ఎందుకు ఆగింది? ఆస్తుల లెక్కలు, విదేశీ నిధులు, పదవులు కారణాలే. తెలుగు నేల మీద వాటికంటే లోతైనది ఇంకొకటుంది. ఒంగోలు బాప్టిస్టు ఉద్యమం ప్రధానంగా మాదిగలది. గుంటూరు లూథరన్ సంఘంలో మాలలే ఎక్కువ. మిషన్లు పంచుకున్న సరిహద్దు చాలాచోట్ల కులపు సరిహద్దుతో కలిసిపోయింది. అందుకే పండితుల చర్చల్లో తేలిన ఏకాభిప్రాయం ఊరి గుడి దాకా రాలేదు. ఒకే సంఘమైన సి.ఎస్.ఐ. లోపల కూడా బిషప్పు ఎన్నికలు వచ్చేసరికి ఈ గీత బయటపడుతూనే ఉంది. కులం ప్రస్తావన సంఘాన్ని చీలుస్తుందని భయపడేవాళ్లున్నారు. చీలిక ముందే ఉంది, ప్రస్తావిస్తే కొత్తగా రాదు. 1947 ఒప్పందం గురుత్వపు ప్రశ్నను నాన్చగలిగిందంటే, గురువులంతా ఒకరినొకరు సమానులుగా అప్పటికే అంగీకరించారు కాబట్టే. కులం విషయంలో ఆ మొదటి అంగీకారమే ఇంకా జరగలేదు. తెలుగు సంఘాల పెద్దలు ఇకమీద ఐక్యత చర్చలకు కూర్చుంటే, ఎజెండాలో మొదటి అంశంగా దీన్ని రాసుకోవాలి.