సింబాకి అడ్డొచ్చిన కోతులు

కార్టూన్ సినిమా ముందు, దాని మీద వీడియో గేమ్ తర్వాత అనుకుంటాం. గెంతే ఆటల సంగతికొస్తే, అసలా ఆటలు ఊపందుకున్నదే ఒక కార్టూన్ హీరో చేతికి దొరక్కపోవడం వల్ల. జపాన్‌లోని నింటెండో కంపెనీ పొపాయ్ మీద ఆట చేద్దామనుకుంది. హక్కులు కుదరలేదు. అప్పుడు షిగేరు మియమోతో అనే కుర్ర డిజైనర్ పొపాయ్ బదులు ఒక వడ్రంగిని, విలన్ బదులు ఒక గొరిల్లాని పెట్టి కథ అల్లుకున్నాడు. 1981లో వచ్చిన 'డాంకీ కాంగ్' అదే. నిచ్చెనలెక్కే ఆటలు అంతకుముందూ ఉన్నాయి. పీపాలు దొర్లుకుంటూ మీదికొస్తుంటే బటన్ నొక్కి ఎగిరి దాటే సరదాని అందరికీ అంటించింది మాత్రం ఇదే. ఆ వడ్రంగే పోనుపోను మారియో అయ్యాడు.

సినిమా పేరు పెట్టుకున్న ఆటలకి మాత్రం చాలాకాలం మంచి పేరు లేదు. 1982లో 'ఇ.టి.' సినిమా మీద ఆటని క్రిస్మస్‌కి అందించాలని అటారి కంపెనీ ఒక్క ప్రోగ్రామర్ చేత ఐదు వారాల్లో చేయించింది. జనం పెదవి విరిచారు. మిగిలిపోయిన సరుకులో కొంత న్యూమెక్సికోలోని చెత్తదిబ్బలో పూడ్చేశారు. 2014లో తవ్వితే ఆ క్యాసెట్లు నిజంగానే బయటపడ్డాయి.

ఈ చెడ్డపేరు పోగొట్టింది 'అలాదీన్'. డిస్నీ సినిమా 1992 నవంబరులో వచ్చింది. మరుసటి ఏడాది అదే నెలలో సెగా వాళ్ళ జెనెసిస్ అనే టీవీ ఆటల పెట్టెకి ఆట దిగింది. డేవిడ్ పెర్రీ నాయకత్వంలో వర్జిన్ గేమ్స్ బృందం నెలల వ్యవధిలో దాన్ని పూర్తిచేసింది. తొందర ఇక్కడా ఉంది. సినిమా వీడియో క్యాసెట్ అమ్మకాల సీజను దాటిపోకూడదు. అయితే ఈసారి అలాదీన్ పరుగూ దూకుడూ డిస్నీ చిత్రకారులే కాగితం మీద గీశారు. ఆ బొమ్మల్ని స్కాన్ చేసి ఆటలోకి ఎక్కించారు. అందుకే తెర మీద వాడి వదులు పైజామా గాలికి ఊగినట్టే ఉంటుంది.

నింటెండో పెట్టెకి హక్కులు క్యాప్‌కామ్ కంపెనీవి. అక్కడ షింజి మికామి చేసిన అలాదీన్ వేరే ఆట. అందులో కుర్రాడి చేతిలో కత్తి లేదు, ఆపిల్ పళ్ళు విసురుతాడు, శత్రువుల నెత్తిన గెంతుతాడు. పిల్లలకి ఇంత పద్ధతైన ఆట చేసిన మనిషే 1996లో 'రెసిడెంట్ ఈవిల్' పేరుతో శవాలు లేచొచ్చే ఆట చేసి పెద్దవాళ్ళని హడలగొట్టాడు.

1994లో 'లయన్ కింగ్' వంతు. జూన్‌లో సినిమా, ఏడాది తిరక్కముందే ఆట. చేసింది లాస్ వెగాస్‌లోని వెస్ట్‌వుడ్ స్టూడియోస్. ముద్దొచ్చే సింహప్పిల్ల సింబా, హుషారైన పాటలు, నెత్తురు చుక్క లేదు. ఇంతా చూసి ఇంటికి తెస్తే రెండో స్టేజీలోనే పిల్లలు ఏడుపు లంకించుకునేవాళ్ళు. అక్కడ కోతులు సింబాని బంతిలా ఒకదానికొకటి విసురుకుంటాయి. గులాబీ రంగు కోతుల మీద గర్జిస్తే అవి అటు నుంచి ఇటు తిరుగుతాయి. ఏ కోతిని ఏ వరసలో తిప్పాలో తెలియకపోతే ఎక్కడ బయల్దేరామో అక్కడికే వచ్చి పడతాం. పైగా గర్జన పట్టీ నిండేదాకా ఆగాలి. తొందరపడితే పిల్లికూతే.

ఈ చిక్కుముడి కావాలని వేసిందే. అప్పట్లో అమెరికాలో వీడియో షాపులు గేములు కూడా అద్దెకిచ్చేవి. వారాంతం అద్దెకి తెచ్చుకుని ఆట ముగించేస్తే ఇక కొనేదెవరు? అందుకని మొదటి స్టేజీలు ముదరబెట్టమని డిస్నీ అడిగిందనీ, కోతుల తిరకాసు అలా వచ్చిందేననీ వెస్ట్‌వుడ్ స్థాపకుల్లో ఒకరైన లూయీ క్యాజిల్ తర్వాతెప్పుడో చెప్పాడు.

మా బోగోలు లాంటి ఊళ్ళకి ఈ ఆటలు వచ్చిన దారి వేరు. సెగా, నింటెండో పెట్టెలు మనకెక్కడివి? నింటెండో తరహాలో వచ్చిన సమురాయ్, మీడియా పెట్టెలే మా పిల్లలకి తెలిసిన 'టీవీ గేమ్'. క్యాసెట్ పట్టకపోతే అడుగున ఉఫ్ఫని ఊది మళ్ళీ గుచ్చడమే రిపేరు. కావలి కంప్యూటర్ సెంటర్లో డాస్ నేర్పించడానికి పంపితే, సారు అటు తిరగ్గానే మేం లయన్ కింగ్ ఎక్కించేవాళ్ళం. "ఒరేయ్, ముందా పైనున్న కోతి మీద అరవరా!" అని వెనకనించి నలుగురు. అమెరికా అద్దెషాపుకి వేసిన ముడి ఇక్కడ మా గంట ఫీజునీ మింగేసేది. సినిమా చూడకుండానే సింబా మాకు చుట్టమయ్యాడు. ఆ కథలు తెలుగు తారల గొంతుల్లో వినిపించింది 2019లో. కొత్తగా తీసిన 'అలాదీన్'లో జీనీకి వెంకటేష్, 'లయన్ కింగ్'లో సింబాకి నాని గొంతులిచ్చారు.

అదే ఏడాది ఆ రెండు పాత ఆటల్నీ డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ ఒకే కట్టగా మళ్ళీ విడుదలకి సిద్ధం చేసింది. అందులో వెనక్కి తిప్పుకునే బటన్ ఉంది. కోతి తప్పు దారిన విసిరితే బటన్ నొక్కి మళ్ళీ మొదలెట్టొచ్చు. అద్దె షాపులు మూతపడ్డాయి గనక ముడితో పనిలేదు, ముడి విప్పే సదుపాయమే అమ్మకపు సరుకు.

మనవాళ్ళూ ఈ రంగంలో చెయ్యి పెట్టారు. 2009లో హైదరాబాద్‌కి చెందిన అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. పూర్తిగా మన దేశంలో తయారైన మొదటి ప్లేస్టేషన్ ఆటగా దానికి పేరు. దేవుణ్ణి బటన్లతో ఆడించడమేమిటని అమెరికా నుంచి అభ్యంతరాలూ వచ్చాయి.

ఫోన్లొచ్చాక వరసే మారింది. 2012లో పిక్సార్ వారి 'బ్రేవ్' సినిమా పేరుతో 'టెంపుల్ రన్' వచ్చింది, 2013లో 'మినియన్ రష్'. వీటిలో గెంతడం ఉంది గానీ చివరి స్టేజీ లేదు. పడిపోయేదాకా పరుగే. క్యాసెట్ కొన్నవాడు ఎప్పుడు ముగించినా కంపెనీకి నష్టం లేదు. ఊరికే ఆడేవాడు ముగించి లేచిపోతే నష్టం, వాడు కూర్చున్నంతసేపే ప్రకటనలూ నాణేల అమ్మకాలూ.

పిల్లల ఆట అనగానే మనం నెత్తురుందా, బూతుందా అని చూస్తాం. చూడాల్సిందే. దాంతోపాటు ఆ ఆటకి డబ్బు ఎటునుంచి వస్తుందో కూడా చూడాలి. సింబా కోతుల దగ్గర ఎందుకు ఆగిపోయాడో, నేటి పిల్లాడు అన్నం కంచం ముందు ఫోన్ ఎందుకు దించడో తేల్చేది ఆ లెక్కే.